బావమరిది వ్యూహం

దేశంలో శాంతి నెలకొల్పగల ఆయుధం ఎట్టకేలకు దొరికిందని హోంశాఖ ఒక సోమవారం నాడు ప్రకటించింది. ఆ ఆయుధానికి నలభై అయిదేళ్లు. కళ్లజోడు ఉంది. కాలేజీలో సమాజశాస్త్రం చెబుతుంది. ఇంకా పెళ్లి కాలేదు.

ప్రకటన పత్రికల్లో వచ్చిన పొద్దున సదరు ఆయుధం వంటింట్లో నిలబడి టీ వడపోసుకుంటోంది. మొదటి పేజీలో తన ఫొటో చూసుకుని సగం టీ గట్టు మీద ఒలకబోసింది. ఇకమీదట ఆయన్ని లెక్చరరుగారు అందాం. ఆయుధం అంటే వాళ్లమ్మగారు ఊరుకోరు.

సంగతేమిటంటే, ఆయన ఉండే ఊరికి ఎగువన కొండల మీద ఒక దళం ఉంది. దాని నాయకుణ్ని మహాసేనాని అంటారు. దళం ఎందుకు పుట్టిందో అందులో అందరికీ గుర్తే గానీ, ఎవరి గుర్తు వారిది. వంతెనలు కూల్చడం దాని ముఖ్యవృత్తి. నది మీదున్న వంతెనలన్నీ ఒకటొకటిగా నీళ్లపాలయ్యాయి, ఒక్కటి తప్ప. ఎవరైనా గట్టిగా తుమ్మితే ఊగిపోయే ఆ పాత ఇనుప వంతెనకు మాత్రం గీత కూడా పడలేదు. కారణం కనిపెట్టడానికి పరాయి దేశాల నుంచి నిపుణులు దిగారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు గోడలకు అంటించారు. పారిపోయే దారిగా అట్టేపెట్టుకున్నారని ఒకాయన, మనల్ని అక్కడికి రప్పించే ఎర అని ఇంకొకాయన నిరూపించారు. ఆ తరవాత ఇద్దరూ విమానాశ్రయంలో ఒకే బల్ల దగ్గర భోంచేసి వెళ్లిపోయారు.

సాయుధ దళాల వ్యూహాలను వాటి సంస్కృతి ఎలా నడిపిస్తుందన్నది లెక్చరరుగారి అభిమాన విషయం. ఆ పాఠానికి పిల్లలెవరూ రారు కనుక ఆయనకు తీరిక దండిగా ఉండేది. లొంగిపోయిన దళసభ్యుడు ఒకడు పోలీసు అతిథిగృహంలో ఉన్నాడని తెలిసి, అనుమతి తీసుకుని వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ ఇనుప వంతెన జోలికి మీరెందుకు పోలేదు?"

ఆ మనిషి ఆయన్ని జాలిగా చూశాడు. "ఎలా పోతాం సార్? అక్కడ కాపలావాడు మా సేనానికి పెద్దబావగారు. ఆయన డ్యూటీలో వంతెన పడిపోతే ఉద్యోగం ఎవరిది పోతుంది? రేప్పొద్దున పెద్దక్క మొహం ఎలా చూడమంటారు?"

లెక్చరరుగారు జేబులోంచి కలం తీశాడు. ఆ క్షణంలోనే ఆయన పుస్తకం పుట్టింది.

అందులోని సత్యాలు అనేకం. దళంలో కబురు పెట్టకుండా ఒకరి ఊరికి వెళ్లడం పద్ధతి కాదు. అందువల్ల ప్రతి మెరుపుదాడి సంగతీ ముందుగా అందరికీ తెలిసేది, పోలీసులకు తప్ప. వాళ్లకు కబురు చెప్పేంత చనువు ఎవరికీ లేదు. వెన్ను చూపడం దళంలో నిషిద్ధం. అందుకని పారిపోవలసి వచ్చినప్పుడు అందరూ మొహాలు శత్రువు వైపే ఉంచి వెనక్కి వెనక్కి నడిచేవారు. తూటా తగిలి పోయినవాళ్ల కంటే లోయలో పడి పోయినవాళ్లే ఎక్కువ. ఒకసారి సమావేశంలో టీ ముందు ఉపసేనానికి ఇచ్చి, తరవాత సేనానికి ఇచ్చారు. దళం రెండుగా చీలిపోయింది. చీలిన ముక్క "అసలైన దళం" అని పేరు పెట్టుకుంది. టీ ఇచ్చినవాడు ప్రాణభయంతో లొంగిపోయాడు. లెక్చరరుగారి ఎదురుగా కూర్చున్నవాడు వాడే.

"ఈ దళం తుపాకులతో ఆలోచించదు, వరసలతో ఆలోచిస్తుంది" అని లెక్చరరుగారు పుస్తకం ముగించాడు. ఆ ఒక్క వాక్యమే ఆయన కొంప ముంచింది.

హోంశాఖ కార్యదర్శిగారు పుస్తకాలు చదవరు గానీ చివరి వాక్యాలు చదువుతారు. ఆయన వెంటనే సభ పెట్టి, మైకు సవరించుకుని ఇలా సెలవిచ్చారు. "ఇన్నేళ్లుగా మనం కొండ మీదికి బలగాలను పంపాం. పొరపాటు చేశాం. పంపవలసింది సంబంధాలను! కాపలావాడు బావగారైతే వంతెన నిలిచింది. ఎస్సైగారు బావగారైతే స్టేషను నిలవదా? కలెక్టరుగారు బావగారైతే కలెక్టరేటు నిలవదా? ఆడపిల్లనిచ్చినవాడు తలవంచి ఉంటాడు. తలవంచినవాడు గురిచూడలేడు. ఇదే మన వైవాహిక వ్యూహం!"

చప్పట్లు మోగాయి. తొలి పెళ్లికొడుకు ఎవరన్న ప్రశ్న రాగానే చప్పట్లు ఆగాయి. శాఖలో పెళ్లికాని అధికారులందరికీ ఆ సాయంత్రంలోగా పెళ్లిళ్లు కుదిరిపోయాయి. కొందరికి చిన్ననాటి ప్రేమలు గుర్తొచ్చాయి. ఒకాయన తనకు ఇదివరకే పెళ్లయిందని, ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ, చివరికి భార్యకు కూడా చెప్పలేదని విన్నవించుకున్నాడు.

"సిద్ధాంతం ఎవరిదో ఆచరణా వారిదే" అన్నారు కార్యదర్శిగారు, లెక్చరరుగారి భుజం మీద చెయ్యి వేసి. "శుభస్య శీఘ్రం."

కనీసం అమ్మ అయినా అడ్డుపడుతుందని లెక్చరరుగారు ఆశపడ్డాడు. ఆయన ఆవిడకు ఒక్కగానొక్క కొడుకు.

"ఇరవయ్యేళ్లుగా నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే విన్నావా?" అంది అమ్మ. "ఆఖరికి గవర్నమెంటు చెబితే గానీ నీకు తలకెక్కలేదు."

"అమ్మా, వాళ్లు బాంబులు పెడతారే!"

"ఏ ఇంట్లో లేవురా గొడవలు? అమ్మాయి ఎలా ఉంటుందో అది చెప్పు."

అమ్మాయి మహాసేనానికి చిన్నక్క. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది ఆవిడే. దళంలో మందుపాతరల విభాగం కూడా ఆవిడదే. కార్యదర్శిగారు, అమ్మ, లెక్చరరుగారు జీపులో కొంత దూరం, కాలినడకన కొంత దూరం వెళ్లి, టార్పాలిను కప్పిన రేకుల షెడ్డు దగ్గరికి చేరారు. ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. లారీ బ్యాటరీకి తగిలించిన మైకు ఉంది. మహాసేనాని దాని ముందు నిలబడి దళం పుట్టుక నుంచి ఉపన్యాసం మొదలుపెట్టాడు. చుట్టూ తుపాకులు పట్టుకున్నవాళ్లు నిలబడి నిద్రపోవడంలో ఆరితేరి ఉన్నారు. ఉపన్యాసం ఇంకా సేనాని తాతగారి కాలంలోనే ఉండగా అమ్మ లేచింది.

"నాయనా, అమ్మాయిని పిలుస్తావా? చీకటి పడకముందే కొండ దిగాలి మేము. నా మోకాళ్లు అసలే బాగాలేవు."

దళం నిద్రలోంచి ఉలిక్కిపడింది. సేనాని మాటకు అడ్డొచ్చినవాళ్లు అంతవరకు పుట్టలేదు, పుట్టినవాళ్లు మిగల్లేదు. కార్యదర్శిగారు కళ్లు మూసుకున్నారు. సేనాని ఆవిడ తెల్లజుట్టు వంక చూశాడు, మోకాళ్ల వంక చూశాడు, మైకు కట్టేశాడు.

"అలాగే అత్తయ్యా" అన్నాడు.

హోంశాఖ రికార్డుల్లో ఇది తొలి కాల్పుల విరమణగా నమోదైంది.

చిన్నక్క కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరినీ విడిగా మాట్లాడుకోమని పెద్దలు షెడ్డు వెనక్కి పంపారు. అక్కడ చెక్కపెట్టెలు ఉన్నాయి. లెక్చరరుగారు ఒకదాని మీద కూర్చోబోయాడు.

"దాని మీద కూర్చోకండి."

ఆయన పక్కపెట్టె వైపు జరిగాడు.

"అది అసలే వద్దు."

ఆయన నిలబడ్డాడు.

"మీ పుస్తకం చూశాను" అంది చిన్నక్క. "మా వ్యూహాలన్నీ చుట్టరికాలతో నడుస్తాయని రాశారు."

"అవునండి. చాలా అరుదైన సంస్కృతి. ప్రపంచంలో ఇంకెక్కడా కనబడదు."

"మీతో వచ్చిన ఆ పెద్దమనిషి కార్యదర్శి ఎలా అయ్యారు?"

"ఆయన మంత్రిగారి తోడల్లుడండి."

"ఆహా" అంది చిన్నక్క.  లెక్చరరుగారికి ఎందుకో చెవులు వేడెక్కాయి.

"ఈ బాంబుల పని మీరెందుకు నేర్చుకున్నారు?" అని అడిగాడు, మాట మార్చడానికి.

"మా తమ్ముడి ఉపన్యాసాలు తప్పించుకోవడానికి. మందు కలిపేవాళ్లను ఉపన్యాసానికి పిలవరు, చేతులు వణుకుతాయని." నవ్వింది. తరవాత గుడ్డ మడతపెడుతూ నెమ్మదిగా అంది. "వంతెన మీద ఎవరూ లేనప్పుడే మీట నొక్కేదాన్ని. ఒకసారి ఎవరూ లేరనే అనుకున్నాను."

 షెడ్డులోంచి అమ్మ ఎవరినో మంచినీళ్లు అడగడం వినిపించింది.

"ఇందులోంచి బయటపడాలంటే రెండే దారులు" అంది చిన్నక్క. "లొంగిపోవాలి, లేదా పెళ్లి చేసుకోవాలి. లొంగిపోతే మీవాళ్లు ఊరూరా తిప్పి ఉపన్యాసాలు ఇప్పిస్తారట. అందుకని మిమ్మల్ని చూడటానికి ఒప్పుకున్నాను. మీరు ఉపన్యాసాలు ఇస్తారా?"

"ఇస్తానండి. కానీ వినడానికి ఎవరూ రారు."

ఆవిడ మొహం తేటపడింది. "అయితే సరే" అంది. ఇరవయ్యేళ్లుగా ఎవరికీ నచ్చని తన పాఠాలు ఇలా అక్కరకొస్తాయని లెక్చరరుగారు కలలో కూడా అనుకోలేదు. దిగేటప్పుడు ఆయన రెండుసార్లు కాలు జారాడు. రెండుసార్లూ వెనక్కి తిరిగి చూస్తున్నందువల్లే.

పెళ్లి వైభవంగా జరిగింది. ఆ వెంటనే కాలేజీ మీద కాల్పులు ఆగిపోయాయి. బడి మీద, ఆసుపత్రి మీద, రైలుగేటు మీద ఆగలేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ అల్లుళ్లు లేరు. కార్యదర్శిగారు వ్యూహాన్ని విస్తరించారు. సేనాని పినతండ్రి కూతురు ఎస్సైగారి ఇంట కాలుపెట్టింది. మేనకోడలు కలెక్టరుగారి ఇంట అడుగుపెట్టింది. బావమరిది బతక కోరతాడని, దాయాది చావ కోరతాడని పెద్దలు ఊరికే అనలేదు గదా. ఉపసేనాని గారి అసలైన దళం కూడా తామేం తక్కువని పట్టుబట్టడంతో వాళ్లకు అటవీశాఖను, రవాణాశాఖను కేటాయించారు. దళాలు ఆయుధాలు ఎప్పుడు విడిచిపెడతాయని గిట్టనివాళ్లు కొందరు అడిగారు. ఆయుధాలు విడిచేస్తే వాళ్లతో వియ్యం ఎవరందుకుంటారని హోంశాఖ ఎదురు ప్రశ్న వేసింది. 

ఒకటి మాత్రం కార్యదర్శిగారి అంచనాకు అందలేదు. ఆడపిల్లనిచ్చినవాడు తల వంచుతాడన్నది నిజమే. కానీ వంచిన తలతో ఇంటికొచ్చిన బావమరిదికి లేదనడం ఎవరి తరం? మహాసేనాని అక్కను చూడటానికి వచ్చాడు. లెక్చరరుగారి పడకకుర్చీలో కూర్చున్నాడు. అంగరక్షకులు వరండాలో పక్కలు పరుచుకున్నారు. పెరట్లో బట్టలతాడు మీద అమ్మ చీరల పక్కన తూటాల బెల్టులు ఆరేవి. పలకరించడానికి వచ్చిన కార్యదర్శిగారితో, కూలిన వంతెనలు కట్టే పని తనకే ఇప్పించమని సేనాని వినయంగా అడిగాడు.

"కూల్చినవాడికే కదండీ తెలుస్తుంది, ఎక్కడ బలం తక్కువో" అన్నాడు.

ఆ తర్కానికి కార్యదర్శిగారు ముగ్ధులయ్యారు. వంతెనలతో పాటు కొత్త రోడ్డు కూడా ఇచ్చేశారు. రోడ్డు కాపలా దళం చేతికొచ్చింది. ఇంతకుముందు పొదల్లోంచి ఆపిన లారీలను ఇప్పుడు గొడుగు కింద కూర్చుని ఆపేవారు. పురోగతి అంటే అదే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, కాలేజీకి సెలవైనందున లెక్చరరుగారు ఇంట్లో ఉండగా, గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో చెప్పులు పట్టుకుని ఉంది, తెగిపోయాయో ఏమో.

"బాబూ, మా ఆయన లారీ తోలతాడు. కొత్త రోడ్డు మీద లారీతో సహా తీసుకుపోయారు. ఎందుకో చెప్పలేదు. స్టేషనుకి వెళ్తే ఎస్సైగారు అత్తారింటికి వెళ్లారన్నారు."

లెక్చరరుగారు లోపలికి వెళ్లి కార్యదర్శిగారికి ఫోన్ చేశాడు.

"ఆ డ్రైవరు అటువైపు ఎవరికైనా ఏమైనా అవుతాడా?" అని అడిగారు కార్యదర్శిగారు.

"కాడటండి."

"పోనీ ఇటువైపు?"

"ఎవరికీ ఏమీ కాడండి."

"అమ్మయ్య" అన్నారు కార్యదర్శిగారు. "అయితే శాంతికి భంగం లేదు." ఫోన్ పెట్టేశారు.

 లెక్చరరుగారు తన పుస్తకంలో వరస ఉన్నవాళ్ల గురించి అన్ని అధ్యాయాలు రాశాడు. ఏ వరసా లేనివాళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఆయన వరండాలోకి వచ్చేసరికి, పడకకుర్చీలోంచి మహాసేనాని ఆవిణ్ని అడుగుతున్నాడు.

"మీరు ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదయ్యా. ఆయన లారీ తోలతాడు, నేను మిషను కుడతాను."

సేనాని మొహంలో కోపం లేదు, కాఠిన్యం లేదు. ఏమీ లేదు. అడ్రసు లేని కవరును చూసినట్టు చూసి మళ్లీ పేపరు విప్పుకున్నాడు.  లెక్చరరుగారి నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"మా అక్క!"

పేపరు కిందికి దిగింది. లోపల కూర తరుగుతున్న అమ్మ కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.  అమ్మకు లెక్చరరుగారు ఒక్కడే సంతానమన్నది వియ్యాలవారందరికీ తెలిసిన విషయం. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ గడప దాటి వచ్చి, ముక్కూ మొహం తెలియని ఆ మనిషిని ఎగాదిగా చూసింది.

"ఎన్నాళ్లకొచ్చావే తల్లీ!" అని గట్టిగా కావలించుకుంది. "మా అక్క కూతురు నాయనా. నా చేతుల్లోనే పెరిగింది. ఏదో మాటా మాటా వచ్చి ఇన్నాళ్లూ రాకపోకలు లేవు."

వచ్చినావిడ ముందు బిక్కచచ్చిపోయింది. తరవాత నిజంగానే ఏడ్చేసింది. సేనాని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"వదినగారా! ముందే ఓ మాట చెప్పొచ్చు గదండీ! ఎంత అప్రదిష్ట! అన్నయ్యగారిని పట్టుకెళ్లి షెడ్డులో కట్టేశామే!"

పొద్దు వాలకముందే అన్నయ్యగారు ఇంటికి చేరారు. మొహం వాచి ఉంది గానీ ప్రాణాలతో ఉన్నారు. లారీ కడిగించి, ట్యాంకు నింపించి, కొత్త టైర్లు వేయించి మరీ పంపారు. ఆ వారమే అదే రోడ్డు మీద ఇంకో లారీని ఆపారు. దాని డ్రైవరు తిరిగి రాలేదు. నాలుగోనాడు నది ఒడ్డున దొరికాడని పత్రికలో చిన్న వార్త పడింది. చిన్నక్క దాన్ని రెండుసార్లు చదివింది.

"ఈయనకి మనలాంటివాళ్లు ఎవరూ దొరకలేదా?" అంది.

 చిన్నక్క లేచి, తమ్ముడు మకాం పెట్టిన గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపల ఏం జరిగిందో తెలియదు గానీ, మహాసేనానికి జీవితంలో మొట్టమొదటిసారి ఒకరి ఉపన్యాసం ఆసాంతం వినవలసి వచ్చింది. ఆవిడ బయటికి వచ్చి మొహం కడుక్కుంది.

"సొంతవాళ్ల జోలికి పోనని ఒట్టు పెట్టాడు. అంతకంటే వాడి బుర్రకు ఎక్కదు. ఇక చెయ్యగలిగింది ఒక్కటే" అంది. "సొంతవాళ్లను పెంచండి."

మర్నాటి నుంచి పెంచారు. కబురు ఊరంతా పాకింది. లారీ డ్రైవర్లు, పాలవాళ్లు, పట్నానికి కూలికి పోయేవాళ్లు, చుట్టం అన్న మాటకు ఊళ్లో ఎవరూ లేనివాళ్లు పొద్దున్నే గేటు ముందు చేరేవారు. అమ్మ వరండాలో పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి మొహం చూసి వరసలు పంచేది. "నువ్వు నా మరిది కొడుకువి. ఏమయ్యా, నువ్వు మా పెద్దనాన్నకు మనవడివి. వెనకున్న మీరిద్దరూ భార్యాభర్తలా? సరే అమ్మాయీ, నువ్వు మాత్రం మాకు చుట్టానివి, ఆయన అల్లుడి కింద లెక్క." ఇంత కళ ఆవిడ మొహంలో లెక్చరరుగారు ఎన్నడూ చూడలేదు. దళానికి తెలిసిన న్యాయం అదొక్కటే కనుక రోడ్డు మీద ప్రాణాలు నిలిచాయి.

"మీ వంశం చాలా పెద్దదండీ బావగారూ" అన్నాడు మహాసేనాని ఒకరోజు, కాస్త దిగులుగా.

"ఈమధ్యే పెరిగిందండి" అన్నాడు లెక్చరరుగారు.

లెక్చరరుగారు సన్మానానికని రాజధానికి వెళ్లిన రోజునే, జనం ఎక్కువై తోపులాట మొదలైంది. లారీ డ్రైవరు భార్య, అందరికంటే ముందు చుట్టమైన మనిషి కనుక, గేటు బాధ్యత తనంతట తానే తీసుకుంది. తన తమ్ముణ్ని, అంటే నిజం తమ్ముణ్ని, గేటు దగ్గర నిలబెట్టింది. ముందొచ్చిన చుట్టాలకూ వెనకొచ్చిన చుట్టాలకూ మధ్య పట్టింపులొచ్చాయి. పాత చుట్టాలు నీడలోను, కొత్త చుట్టాలు ఎండలోను నిలబడాలని వాళ్లలో వాళ్లే తీర్మానించుకున్నారు.

అక్కడ రాజధానిలో లెక్చరరుగారికి సన్మానం జరిగింది. ఆయన సిద్ధాంతం వల్ల కొండల్లోని ఒక వింత సంస్కృతి లోకానికి తెలిసిందని కార్యదర్శిగారు సభలో కొనియాడారు. మూడోరోజు మధ్యాహ్నం లెక్చరరుగారు శాలువా సంచిలో కుక్కుకుని ఇంటికి చేరాడు. జనం వీధి మలుపు దాకా బారులు తీరి ఉన్నారు. పక్కనుంచి గేటు దాకా వెళ్లాడు. డ్రైవరు భార్య తమ్ముడు, ఆయన్ని ఎన్నడూ చూడనివాడు, కర్ర అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి? వరసలో రండి."

"ఇది మా ఇల్లండీ."

"అందరూ అదే అంటున్నారు. ఎవరి తాలూకు మీరు?"

"లోపల పీట మీద కూర్చున్నావిడ కొడుకుని."

"కొడుకంటే సొంతమా, ఈమధ్య కలిసిందా?"

వెనక నీడలో ఉన్నవాళ్లు నవ్వారు. ఎండలో ఉన్నవాళ్లు, ఇంత మంచి చొక్కా వేసుకున్నవాడు కూడా వరస తప్పించి దూరుతున్నాడని తిట్టారు. వాళ్లలో ఒక్కడు కూడా ఆయన్ని ఎరగడు. పుస్తకం రాసినవాణ్నని చెబుదామనుకుని, ఆ పుస్తకం ఎవరూ చదవలేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు. లెక్చరరునని చెప్పాడు. కర్ర కదల్లేదు. ఎండ మాడు పగలగొడుతోంది. ఆఖరికి ఆయన మెడ నిటారుగా పెట్టి, గొంతు పెంచి అన్నాడు.

"మహాసేనాని బావగారిని!"

కర్ర లేచింది. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఎవరో సంచి అందుకున్నారు. ఆ మాట ఎంత సులువుగా, ఎంత హాయిగా తన నోట్లోంచి ఊడిపడిందో తలుచుకుని లోపలికి వెళ్లాక ఆయన చాలాసేపు మంచినీళ్లు తాగాడు. చిన్నక్క ఏమైందని అడిగితే వడదెబ్బ అన్నాడు.

ఇదంతా ఎక్కడో కొండల్లోని మొరటువాళ్ల సంస్కృతి కనుక మనం నిశ్చింతగా నవ్వుకోవచ్చు. నవ్వగలిగారంటే, ఆపదలో ఫోన్ చెయ్యడానికి మీకు ఎవరో ఒకరు ఉన్నారన్నమాట. సంతోషం. లేనివారు మాత్రం దయచేసి కొంచెం పక్కకు జరగండి, వెనక ఉన్నవాళ్లు ఫలానావారి తాలూకట.